మీదేసుకున్న కేసు

“ఎవురేపిచ్చినారు ఈ సమను?”

మద్దిలేటి అరుపుకు పంచలో గింజలేరుకుంటున్న కోళ్లు ఎగిరి గోడెక్కాయి. కోర్టు జవాను అప్పటికే సందు మలుపు తిరిగిపోయాడు. వాడిదేం పోయింది, వాడి పని వాడు చేసుకుపోయాడు! రామలక్ష్మమ్మ బొటనవేలికి సిరా పూసి, ఒక కాగితం మీద ముద్ర వేయించుకుని, ఇంకో కాగితం ఆమె ఒళ్లో పడేసి నడిచాడు. ముసలామె ఆ కాగితాన్ని తాకను కూడా లేదు. సిరా అంటిన వేలును ఎడంగా పెట్టుకుని ఎదురుగోడను చూస్తూ కూర్చుంది.

“అమ్మా, నిన్నే అడుగుతాండా. వాది తరపు సాక్షి అని నీ పేరు రాసుండారు దాంట్లో. నీకు తెలిసే జరిగిందా ఇది?”



లోపలి తలుపు వెనక నుంచి చిన్నకోడలు భారతమ్మ పలికింది.

“నేనే ఏపిచ్చినానని చెప్పత్తా, మీ పెద్దకొడుక్కి.”

ఆ ఇంట్లో తమ్ముడి పెండ్లాం బావ ఎదుటపడి మాట్లాడదు. ఏం చెప్పుకోవాలన్నా తలుపు చాటున నిలబడి అత్తతో చెప్పినట్టు చెప్పాలి. వినాల్సినవాడు పక్కనే ఉండి, తనతో కానట్టు వినాలి. ఊరగాయ జాడీ సంగతో, పాడి గేదె సంగతో అయితే ఆ పద్ధతిలో బాగానే గడిచిపోతుంది. కోర్టు దావా నడుపుకోవాలంటేనే చచ్చే చావు. దావా వేసిన దగ్గర్నుంచి ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. విచిత్రం ఏమిటంటే, ముసలామె రెండుపూటలా చిన్నకోడలి పొయ్యి దగ్గరే తింటోంది.

“అమ్మను బోనెక్కిస్తాదంటనా?” అన్నాడు మద్దిలేటి, తలుపు వైపు చూడకుండా. “మొగుడు పోయిన ముసల్దాన్ని పట్టుకపోయి నంద్యాల కోర్టులో నిలబెడ్తాదంటనా? అడుగు.”

“నిలబెడ్తానని చెప్పత్తా. కాగితం తెచ్చి కోర్టులో పెట్టినప్పుడు ఆయప్పకు లేని సిగ్గు నాకెందుకని అడుగు.”

ఆ కాగితం దగ్గరే అంతా ఉంది. మూడేళ్ల కిందట, కార్తీక మాసంలో, ఆళ్లగడ్డ బయట కె.సి. కాలువ కింది మడిగట్టున భారతమ్మ మామ ఆదినారాయణ పార దెబ్బకు తల పగిలి చచ్చిపోయాడు. చిన్నకొడుకు ఓబులేసే కొట్టాడని కర్నూలులో యావజ్జీవం వేశారు. ఓబులేసు ఇప్పుడు కడప జైల్లో ఉన్నాడు.

అయితే మాత్రం నమ్మిందెవరు? ఈ పల్లెల్లో జైలుకు పోయినవాడే చంపినవాడంటే చంటిపిల్లలు కూడా నవ్వుతారు. కొట్టినవాడొకడు, కేసు మీదేసుకునేవాడొకడు. ఇంటికి ఎవడు ఎక్కువ అక్కరో చూసుకుని రెండోవాణ్ని పంపుతారు. మద్దిలేటికి నలుగురు పిల్లలు, నెత్తిన సేద్యం. ఓబులేసుకు ఒక్కటే ఆడపిల్ల. ఇంకేం కావాలి! అన్న కోసం తమ్ముడు పోయాడని ఊరు ఊరంతా అనుకుంది.

భారతమ్మ ఆ రోజు ఊళ్లో లేదు. బిడ్డకు చెవులు కుట్టించడానికి ఉయ్యాలవాడకు, పుట్టింటికి పోయింది. కబురంది వచ్చేసరికి పోలీసులు మొగుణ్ని తీసుకుపోయారు. బిడ్డను చంకనేసుకుని బావి దిక్కు పరుగెత్తింది. అత్త వెంటపడి, జుట్టు దొరకబుచ్చుకుని ఆపి, చెవిలో చెప్పింది. “వాడు చెయ్యలేదు తల్లీ. అన్న కోసరం మీదేసుకున్యాడు. నువ్వు బతకాల.” ఆ మాట పట్టుకునే భారతమ్మ ఈ మూడేళ్లూ బతికింది.

ఆదినారాయణ సొంతంగా సంపాదించిన నేల తొమ్మిదెకరాలు. పెండ్లానికి మూడు, కొడుకులిద్దరికీ మూడు మూడు. మొగుడి మూడూ పంచిమ్మని, మొగుడి పేరుతో భారతమ్మ దావా వేసింది. దానికి మద్దిలేటి ఇచ్చిన జవాబు: చంపినవాడికి చచ్చినవాడి ఆస్తిలో భాగం లేదు, వాడి వైపు నుంచి వాడి భార్యాబిడ్డలకూ రాదు, కొత్త వారసత్వ చట్టంలో అట్లా ఉంది. ఇదిగో కర్నూలు తీర్పు నకలు.

ఎంత మాట! ఎవరి కోసం జైలుకు పోయాడో వాడే ఆ జైలు కాగితం తెచ్చి మొహాన కొట్టాడు. 

మద్దిలేటి కాసేపు పంచలో అటూ ఇటూ తిరిగి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గింది.

“అమ్మా, నేనొకటి చెప్తా. మూడెకరాలు గదా అడుగుతాండేది. రెండెకరాలు పాప పద్మమ్మ పేరున రాసిస్తా. రేపే రిజిస్టరాపీసుకు పోదాం. దావా తీసేసుకోమను. నిన్ను ఆడికి లాగొద్దను. కోర్టు మెట్టెక్కినాక మాత్రం ఈ మాట లేదు, ఇంగ మల్లా అనొద్దు.”

తలుపు వెనక నుంచి నవ్వు. అది నవ్వులా లేదు.

“అడుగత్తా. దావా ఏసినప్పుడు జానెడు నేల గూడా లేదన్న మనిషికి ఈ పొద్దు ఇంత ధర్మబుద్ధి యాన్నుంచి పుట్టింది? నువ్వు బోనెక్కుతాండావని తెలిసినాకనే గదా? భయం గాకపోతే ఏందిది?”

అవతలి పొయ్యి దగ్గర్నుంచి తోడికోడలు విజయమ్మ గరిటె పెట్టి కుండ మీద ఠంగున కొట్టింది.

“వద్దంటే మానె! పోనీలే అని రెండెకరాలిస్తానంటే భయమంట భయం. మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అన్న్యారా!”

“నువ్వు నోరు ముయ్‌మే!” అని అరిచాడు మద్దిలేటి. మళ్లీ తల్లి వైపే తిరిగాడు. “అమ్మా, ఇంగ నావల్ల గాదు. మూడేండ్లు ఊరంతా నా మొగాన ఉమ్మేస్తే తుడుచుకుంటి. రచ్చకట్ట కాడికి పోతే లేచిపోతాండారు నన్ను చూసి. ఎవురి కోసరం? నీకిచ్చిన మాట కోసరం గదా? ఇంగ ఆ మాట నేను...”

“మద్దిలేటీ!”

రామలక్ష్మమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. పెద్దగా కూడా అనలేదు. కానీ మద్దిలేటి నోరు అక్కడే ఆగిపోయింది.

ఇచ్చిన మాట ఏమిటో భారతమ్మకు తెలుసు, తెలుసనే అనుకుంది. తమ్ముడి పెండ్లాం బిడ్డలను చూసుకుంటానని ఇచ్చిన మాట అయ్యుంటుంది. దాన్ని ఇట్లా నిలబెట్టుకున్నాడు మహానుభావుడు! ఒళ్లు మండిపోయింది. కాపురానికొచ్చి ఆరేళ్లలో ఎన్నడూ లేనిది, తలుపు తోసుకుని పంచలోకొచ్చి బావ ఎదురుగా నిలబడింది. పక్కింటి రంగమ్మ గోడ మీదుగా చూసి చెంపలు నొక్కుకుంది.

“బావా, నా మొగుడు నీ కోసరం ఆ జైల్లో మగ్గిపోతాంటే, ఆయప్పనే హంతకుడని కోర్టులో కాగితం పెడితివే. నీకు అన్నం ఎట్ల దిగుతాంది?”

మద్దిలేటి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆయన కూడా ఆరేళ్లలో అదే చూడడం. కోపంగా చూసి ఉంటే భారతమ్మకు ఇంకో పది మాటలు సిద్ధంగా ఉన్నాయి.

“దిగడంల్యా,” అన్నాడు.

కండువా దులుపుకుని చేని దిక్కు వెళ్లిపోయాడు.

సాయంత్రం పెరట్లో నీళ్లు వాడుకునే జాలాట్లో కూర్చుని రామలక్ష్మమ్మ బూడిద పెట్టి బొటనవేలు తోముకుంటోంది. సిరా అంత తొందరగా పోతుందా! గోటి సందుల్లో నీలంగా మిగిలే ఉంది. భారతమ్మ చెంబుతో నీళ్లు పోస్తోంది.

“నన్ను ఆడికి తీస్కపోవద్దు భారతీ.”

“ఎందుకు?”

ముసలామె వేలు తోముకుంటూనే ఉంది.

“ఎందుకత్తా? పెద్దకొడుకు మీదుండే పానం చిన్నకొడుకు మీద ల్యాదా నీకు?”

“ఇద్దరూ ఈ కడుపున పుట్టినోల్లే.”

“అట్లయితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. దానికి పైన ఒక్క మాట గూడా అడగను నేను.”

“నిజం ఊరికే పోదు తల్లీ. ఎవురిదో ఒగరిది కొంప ఆర్పే పోతాది.”

“వాళ్లదే ఆరనీ!” అంది భారతమ్మ, చెంబు నేలకేసి కొట్టి. “మూడేండ్ల నుంచి మాదే ఆరిపోయుండాది.”

రామలక్ష్మమ్మ చెంబు తీసి పక్కన పెట్టింది. ఆ పూట మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. అన్నం కూడా తినలేదు.

*

“ఆమెను పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?” అన్నాడు ప్రభుదాసు ప్లీడరు.

నంద్యాల రైలుస్టేషను దారిలో ఆయన ఇల్లు. వాయిదా ఇంకా రెండు రోజులుంది. భారతమ్మ పొద్దున బస్సుకే వచ్చి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆయన వక్కపొడి నోట్లో వేసుకుని, కట్టలో నుంచి కర్నూలు తీర్పు నకలు తీసి బల్ల మీద పరిచాడు. మీద ఎర్రసిరాతో ‘బి-1’ అని, ప్రతివాది కాగితమని కోర్టు వేసిన గుర్తు ఉంది.

“ఇదే గదా నిన్ను ఇంత పొడుస్తాండేది? దీన్ని చూసి నాకైతే భయం లేదు. ఎందుకో చెప్తా విను. ఇది నీ మొగునికి శిక్ష పడిందని చెప్తాది. అంతవరకే. ఆయప్పే చంపినాడని నంద్యాల కోర్టు నమ్మాలంటే నంద్యాల కోర్టులో మళ్లా మొదట్నుంచీ రుజువు చెయ్యాల. కర్నూలు జడ్జి నమ్మినాడు గదా అని ఈ జడ్జి నమ్మేదానికి లేదు. అది వేరే కేసు, ఇది వేరే కేసు.”

“శిక్ష పడినాక గూడానా సామీ?”

“పడినాక గూడా. సరే, వాళ్లకాడ రుజువేముంది? ఆడ సాక్ష్యం చెప్పింది మీ సేద్యగాడు సుంకన్న. వాడు పోయినేడు పాము కరిచి చచ్చిపోయె. ఆడ చెప్పిన మాట ఈడ చెల్లదని నేను కొట్లాడతా. నీ మొగుడేమో ఆడ చేసినాననలేదు, చెయ్యలేదనలేదు. నోరే తెరవలేదు. ఇంగ చూసిన మనిషి ఎవరు? మీ అత్త ఒక్కతే. ఆమెను వాళ్లు పిలవలేదు.”

“ఎందుకు పిలవలేదో నాకు తెలుసు. పిలిస్తే మా బావ కొట్టిన సంగతి బయటపడ్తాది.”

“నువ్వు చూసినావా కొట్టింది?”

“నేను ఊర్లో లేను గదా సామీ. సుంకన్న మా బావ ఉప్పు తిన్నోడు, చెప్పమన్నట్లు చెప్పినాడు. ఆ పొద్దు మా బావ గుడ్డల నిండా నెత్తురు చూసినోల్లు ఊర్లో పదిమంది ఉండారు.”

“నీ మొగుడు చెప్పినాడా, మా అన్నే కొట్టినాడని?”

భారతమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. జైల్లో ఒకే ఒకసారి అడిగింది, ఊచలకు ఇవతల నిలబడి. ఓబులేసు తల వంచుకుని, “అమ్మ చెప్పింది గదా, అంతే అనుకో” అన్నాడు. అన్నను బయటపెట్టడానికి మనసొప్పని మనిషని ఆ రోజంతా పొంగిపోయింది ఆమె. బస్సులో ఏడుస్తూనే పొంగిపోయింది.

“అంతే అనుకో అన్న్యాడు,” అంది.

ప్రభుదాసు దవడ ఆడడం ఆగింది. కిటికీ బయటికి చూశాడు. మళ్లీ కాగితాన్ని చూశాడు.

“అమ్మా, నేను ముప్పై ఏండ్ల నుంచి ఈ కోటు తొడుక్కుంటాండా. వాళ్లు పిలవాల్సిన సాక్షిని వాళ్లే పిలవలేదంటే అందులో ఏదో ఉంది. ఏముందో నాకు తెలీదు. తెలీని నీళ్లలో దిగొద్దంటాండా. బోనెక్కే ముందర దాకా టైముంది. ఆమె మాకు అక్కర్లేదని ఒక్క మాట చెప్తే సరిపోతాది. ఇది గెలిచే కేసు. నీ మూడెకరాలు నీకొస్తాయి.”

“గెలిస్తే, నా మొగుడు చంపలేదని రాస్తాడా జడ్జిగారు?”

“అట్ల రాయడు. చంపినట్టు రుజువు కాలేదని రాస్తాడు.”

“రెండూ ఒగటేనా?”

ప్రభుదాసు మంచివాడు. అబద్ధం చెప్పలేకపోయాడు.

“ఒకటి కాదు,” అన్నాడు.

“అట్లయితే నాకు సాలదు సామీ.” ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “ఆ కాగితం కోర్టులో పెట్టేదాకా అందరూ నా మొగున్ని పున్యాత్ముడన్నోల్లే. సొంత అన్నే హంతకుడని కాగితం పెట్టినాడంటే నిజమే అయ్యుంటాదిలే అంటాండారు ఇప్పుడు సగం మంది. మా పాపను వీధిలో ఎవురూ ఆటకు రానీయరు. దానికి నాలుగేండ్లు నిండలేదు. మొన్న ఇంటికొచ్చి, ‘అమ్మా, చంపినోడంటే ఏందీ?’ అనడిగింది. ఏం చెప్పేది దానికి? మూడెకరాలు దానికి కూడు పెడ్తాయి. రేపు పెద్దదై నలుగుర్లో తలెత్తుకోని తిరగాల గదా? మా అత్త బోనెక్కాల. అందరూ వినేటట్టు చెప్పాల. అంతే.”

“మీ అత్త ఏం చెప్తాదో అడిగి చూసినావా?”

“ఆమె మాట్లాడదు సామీ.”

“నా భయమూ అదే,” అన్నాడు ప్రభుదాసు. కాగితం మడిచి కట్టలో పెట్టేశాడు.

*

వాయిదా రోజు పొద్దున పాపను రంగమ్మ దగ్గర వదిలి, అత్తాకోడళ్లిద్దరూ బస్సెక్కారు. ముందు సీట్లో మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. ఒకే ఇంటి నుంచి ఒకే కోర్టుకు, ఒకే బస్సులో! ఎవరూ ఎవర్నీ పలకరించుకోలేదు. కండక్టరుకు మాత్రం మద్దిలేటి మూడు టిక్కెట్లకు చెప్పాడు. భారతమ్మ తమ ఇద్దరి టిక్కెట్లూ వేరుగా తీసుకుంది.

సగం దారి పోయాక రామలక్ష్మమ్మ మెల్లగా అడిగింది.

“మొన్న జైల్లో చూసినావు గదా వాన్ని. చిక్కిపోయినాడా?”

“చిక్కినాడు. గడ్డం నెరిసింది.”

“వానికా? ముప్పై గూడా ల్యాకపాయె.” ముసలామె కిటికీ వైపు తిరిగింది. “చిన్నప్పటి నుంచీ వానికి కోపం బేగా వస్తాది. వచ్చినంత బేగానే పోతాది. పోయినాక ఒళ్లో తల పెట్టుకోని ఏడుస్తాడు.”

భారతమ్మ ఆ మాటను పట్టించుకోలేదు. బోనులో ప్లీడరు ఏం అడగాలో, అత్త ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటోంది.

శిరివెళ్లలో బస్సు ఆగింది. రామలక్ష్మమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది. 

“ఈడ దిగిపోదాం భారతీ. ఎనక్కిపోదాం. మద్దిలేటి కాళ్లు పట్టుకోనైనా ఆ రెండెకరాలు నేను రాయిస్తా. నా మాట ఇను.”

“ఒక్క పూట ఓర్చుకోత్తా. అయిపోతాది.”

“అయిపోయేది గాదు ఇది.”

“నువ్వు నిజం చెప్తే అయిపోతాది!”

ముందు సీట్లో మద్దిలేటి మెడ కొంచెం తిరిగింది, మళ్లీ సర్దుకుంది. బస్సు కదిలింది. ముసలామె మణికట్టు వదిలేసింది.

కోర్టు వరండాలో ఎండ అప్పుడే కాలుతోంది. డవాలి బంట్రోతు రామలక్ష్మమ్మ పేరు మూడుసార్లు పిలిచాడు. ప్రభుదాసు వెనక్కి తిరిగి, భారతమ్మ దగ్గరికి వంగి అడిగాడు.

“ఇదే ఆఖరు. వదులుకుందామా?”

భారతమ్మ తల అడ్డంగా ఊపింది.

రామలక్ష్మమ్మ బోనెక్కింది. చేతులు కట్టె మీద పెట్టి నిలబడింది. గుమాస్తా ప్రమాణం చెప్పిస్తుంటే ఒక్కొక్క మాటా నెమ్మదిగా, తప్పు లేకుండా అన్నది. 

“ఆదినారాయణ మీకేమవుతాడమ్మా?” ప్రభుదాసు మొదలుపెట్టాడు.

“నా మొగుడు.”

“ఆయన పోయిన పొద్దు మీరు యాడున్నారు?”

“మడికాడ. సంగటి తీస్కపోయినా.”

“ఆయన్ను కొట్టింది మీరు కండ్లారా చూసినారా?”

“చూసినా.”

భారతమ్మ బెంచీ అంచుకు జరిగింది. మూడేళ్లు! మూడేళ్లు ఈ మాట కోసమే కదా ఎదురుచూసింది. రెండు చేతులూ జోడించి ఒళ్లో పెట్టుకుంది. మొక్కని దేవుడు లేడు. ఇంకొక్క మాట, ఒకే ఒక్క మాట చాలు. రేపు వీధిలో పాప చెయ్యి పట్టుకుని నడుస్తుంది. కడపకు పోయి ఆ మనిషితో చెబుతుంది, నీ పేరు కడిగేశానని.

“ఆ కొట్టిన చోట మీ పెద్దకొడుకు మద్దిలేటి ఉండాడు గదా?”

 రామలక్ష్మమ్మ వేళ్లు బోను కట్టె మీద బిగుసుకున్నాయి.

“లేడు,” అంది.

కోర్టు హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. ప్రభుదాసు కోటు సర్దుకున్నాడు.

“అమ్మా, నేనడిగింది సరిగ్గా విన్నారా? మద్దిలేటి...”

“ఇన్యా సామీ. ప్రమానం చేసినాక లేనోన్ని ఉండాడని ఎట్ల చెప్పేది? వాడు ఎగువ తూము కాడ నీళ్లు మలుపుకుంటాండాడు. నా అరుపు ఇని పరుగెత్తుకోని వచ్చినాడు. వచ్చేసరికి అయిపోయింది. వాళ్ల నాయన తల ఒళ్లో పెట్టుకోని కూలబడ్న్యాడు. ఆ నెత్తురే వాని గుడ్డలకు అయ్యింది. ఊరు చూసింది ఆ నెత్తుర్నే.”

వెనక బెంచీ మీద మద్దిలేటి రెండు అరచేతుల్లో మొహం దాచుకున్నాడు.

భారతమ్మకు మొదట ఏమీ అర్థం కాలేదు. అత్త అబద్ధం చెబుతోంది, పెద్దకొడుకు కోసం కోర్టులో దేవుడి ముందు అబద్ధం చెబుతోంది అనుకుంది. కానీ అత్త మొహం చూసింది. ఆరేళ్లు ఆ మొహం ఎదురుగా కూర్చుని అన్నం తిన్నది. అబద్ధం చెప్పే మొహం ఎట్లా ఉంటుందో, నిజం చెప్పే మొహం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది నిజం చెప్పే మొహం.

ప్రభుదాసు ముప్పై ఏళ్ల కోటు ఊరికే తొడుక్కోలేదు. చేతిలో కాగితాలు టక్కున మూసేశాడు.

“నేను అడిగేది అయిపోయిందండీ,” అని కూర్చోబోయాడు.

“ఒక్క నిమిషం ప్రభుదాసు గారూ.” జడ్జిగారు కలం కింద పెట్టి కళ్లద్దాలు తీశారు. “ఇంత చెప్పించి ఆపితే ఎట్లా? నేనొకటి అడగాలి. అమ్మా, చూశానంటున్నావు. మద్దిలేటి కాదంటున్నావు. మరి ఆ పార ఎవరి చేతిలో ఉంది?”

“అమ్మా, వద్దు!”

అరిచింది మద్దిలేటి. లేచి నిలబడ్డాడు. ఆ ఒక్క మాట తల్లి నోటి నుంచి వస్తే తొమ్మిదెకరాల్లో తమ్ముడికి చోటు లేకుండా పోతుంది, గెలిచేది తనే. అతని ప్లీడరు కండువా పట్టుకుని కిందికి లాగుతున్నా కూర్చోవడం లేదు. “చెప్పొద్దమ్మా. ఆ పిల్ల బతకదనే గదా నాతో మాట తీసుకుంటివి. నాకు ఆ భూమి వద్దు, ఏం వద్దు!”

“కూర్చోవయ్యా!” జడ్జిగారు బల్ల మీద చరిచారు. “ఇంకొక్క మాట మాట్లాడితే బయటికి పంపిస్తా. అమ్మా, జవాబు చెప్పు.”

రామలక్ష్మమ్మ జడ్జి వైపు చూడలేదు. పెద్దకొడుకు వైపూ చూడలేదు. బోనులో నుంచి వంగి, ఆడవాళ్లు కూర్చునే మూల వైపు చూసింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“సామీ, నన్ను ఈడికి పిలిపిచ్చింది నా కోడలు. నేను వద్దంటే ఇనల్యా. అది చెప్పమంటే చెప్తా. వద్దంటే నన్ను జైల్లో ఏసినా చెప్పను.” చెయ్యి చాచింది. “భారతీ, చెప్పేదా?”

హాల్లో అన్ని తలకాయలూ ఆమె వైపు తిరిగాయి. జడ్జిగారు కూడా అటే చూస్తున్నారు. ప్రభుదాసు మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు.

చెప్పమంటే అత్త ఆ పేరు చెబుతుంది. వద్దంటే, ఆ పేరు తనే చెప్పినట్టు.

భారతమ్మ లేచి నిలబడింది.